వేంకటానికి ఆవల: ప్రాచీన తమిళ కవుల ఎడారి, అందులోని జంతువులు

తెలుగువారి చరిత్రను తెలుగు పుస్తకాలలోనే వెదకడం మనకు అలవాటు. నన్నయ గారి కాలానికి, అంటే 11వ శతాబ్దానికి వెనుక మన భాషలో కావ్యం దొరకదు. అందుచేత అంతకు పూర్వం వేయి సంవత్సరాల సంగతిని శాసనాలకూ, పొరుగువారి పుస్తకాలకూ వదిలివేశాము. ఆ పొరుగువారిలో మనకు అతి సమీపంలో ఉన్నవారు తమిళులు. వారి అత్యంత ప్రాచీన కవిత్వంలో మన కొండ ఒకటి, మన పూర్వులు కొందరు, మన అడవి మృగాలు కొన్ని కనబడతాయి. అవి కనబడే చోటు మాత్రం విచిత్రమైనది. ఆ కవులు ఎడారిని వర్ణించినప్పుడు మనం కనబడతాము!

సంగ సాహిత్యం అని పిలవబడే ఈ కవిత్వం సుమారు క్రీస్తుకు పూర్వం ఒకటవ శతాబ్దానికీ, తరువాత మూడవ శతాబ్దానికీ నడుమ పుట్టినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఎనిమిది సంకలనాలు, పది దీర్ఘ కవితలు. మొత్తం మీద 2,381 పద్యాలు, 473 మంది కవులు. ఇందులో ప్రేమకు సంబంధించిన భాగాన్ని అకం అన్నారు, యుద్ధమూ దానమూ కీర్తీ వగైరాలను పుఱం అన్నారు. అకం పద్యాలలో ఎవరి పేరూ చెప్పరు. నాయకుడు, నాయిక, చెలికత్తె, తల్లి, దారిన పోయేవారు, వీరే మాట్లాడతారు. వారి మనసులో ఏమున్నదో చెప్పే పని నేలకు అప్పగించారు. కొండ అంటే తొలి కలయిక, అడవి అంటే ఓపికతో ఎదురుచూడడం, పొలం అంటే అలక, సముద్రతీరం అంటే బెంగ. ఐదవది పాలై. దాని అర్థం ఎడబాటు.

ఇంగ్లీషు అనువాదాలలో పాలైని ఎడారి అని రాయడం వలన ఈ దేశంలో పుట్టిన మన పిల్లలకు వెంటనే అరిజోనా జ్ఞాపకం వస్తుంది. ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్న మన కుటుంబాలవారు చేతులెత్తి నిలుచున్న సగ్వారో జెముడు చెట్ల మధ్య కారు నడిపినవారే. పాలై అటువంటిది కాదు. అక్కడ ఇసుక తిన్నెలు లేవు, ఒంటెల బిడారులు లేవు. తొల్కాప్పియం అనే ప్రాచీన వ్యాకరణ గ్రంథం నేలలను నాలుగుగానే లెక్కపెట్టి, నాలుగింటికీ దేవతలను చెప్పి, పాలైకి మాత్రం ప్రత్యేకంగా నేలను గాని దేవతను గాని ఇవ్వలేదు. మిట్టమధ్యాహ్నాన్నీ, వేసవినీ దానికి కాలంగా చెప్పి ఊరుకుంది. ఆ తరువాతి శిలప్పదికారం ఈ చిక్కును విడదీసింది: అడవీ, కొండా ఎండకు తమ స్వభావం కోల్పోయి, చూసినవారిని వణికించే రూపం ధరించినప్పుడు దానినే పాలై అంటారట. అనగా అది ఒక ప్రదేశం కాదు, ప్రదేశానికి పట్టిన దుర్దశ. వానలు పడితే మళ్ళీ అడవి అడవే అవుతుంది. మే నెలలో కడప నుంచి రాయచోటి వైపు బస్సులో వెళ్ళినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

జెముడు ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. తమిళ పద్యాలలో వచ్చే కళ్ళి అనే ముళ్ళచెట్టు తుంచితే పాలు కారే జాతిది. మన ఊళ్ళ కంచెల మీద కనబడే నాగజెముడు మాత్రం అమెరికా ఖండం నుంచి ఆ తరువాత ఎన్నో శతాబ్దాలకు మన దేశానికి వచ్చినది. మనం ఇటు వచ్చాము, అది అటు వెళ్ళింది! పాలై అనే పేరు కూడా చెట్టు పేరే. ఏ చెట్టన్నదానిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు గాని, ఎక్కువగా వినబడేది వెట్పాలై అనే చెట్టు. అది మన అంకుడు చెట్టే. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఆ కర్రతోనే. మీ ఇంట్లో షోకేసులో ఆ బొమ్మ ఉంటే, ప్రాచీన కవుల ఎడారి ముక్క ఒకటి మీ ఇంట్లో ఉందన్నమాట.

ఈ ఎండిన నేల మీద ఆ కవులకు ఉన్న మక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. అకనానూఱు అనే సంకలనంలో 400 పద్యాలు. అందులో బేసి అంకె పద్యాలన్నీ, 1, 3, 5 అలా 200 పద్యాలు, పాలై పద్యాలే. మిగిలిన నాలుగు నేలలూ కలిసి తక్కిన సగాన్ని పంచుకున్నాయి. ఐంగుఱునూఱులో ఒక్కొక్క నేలకు వంద చొప్పున సమానంగా పంచారు. అందులో పాలై వంద రాసినవాడు ఓదలాందయార్. చేర రాజవంశానికి చెందిన కవి ఒకాయన పాలైనే పాడి పాడి, "పాలై పాడిన పెరుంగడుంగో" అని బిరుదు వంటి పేరుతో మిగిలిపోయాడు. పచ్చని కేరళ కొండల ఏలిక కుటుంబంవాడు ఎండిన నేల మీద మనసు పెట్టుకోవడం చిత్రమే.

ఇక జంతువుల సంగతి. పాలైలో బలమైన మృగం ఉండదు. ఏనుగు ఉంటుంది గాని డొక్కలు ఎండిపోయి ఉంటుంది. పులి ఉంటుంది, ఆకలితో ఉంటుంది. ఆకాశంలో గద్దలు, రాబందులు తిరుగుతుంటాయి. ఎండిన కొమ్మ మీద తొండ ఎక్కుతుంది. నీరున్నట్టు మెరిసి మోసగించే ఎండమావిని వారు పేయ్‌త్తేర్ అన్నారు, అంటే దయ్యపు రథం. పాలై తల్లి కొఱ్ఱవై. ఈ దేవతను కొలిచే ఎయినర్ అనే వేటగాండ్ల పూజను శిలప్పదికారం వర్ణించింది.

కాని ఈ కవులు భయం కోసమే జంతువులను తీసుకురాలేదు. పెరుంగడుంగో పద్యం ఒకటి కుఱుందొగైలో ఉన్నది, సంకలనంలో 37వది. నాయకుడు వెళ్ళిపోయాడు. నాయిక కుమిలిపోతున్నది. చెలికత్తె ఆమెతో, నీ భర్త వెళ్ళే దారిలో మగ ఏనుగు ఒకటి ఆడ ఏనుగు ఆకలి తీర్చడానికి యా అనే చెట్టు బెరడును చీల్చి పెడుతుంది, అది అతని కంటబడుతుంది అంటుంది. అంతే. అతడు తిరిగి వస్తాడు అని ఆమె అనదు. ఏనుగుకున్న బుద్ధి మనిషికి లేకపోతుందా అని వినేవారు అనుకోవాలి. కలిత్తొగైలో మరొక పద్యంలో ఇదే ఊహ మూడు జంతువులకు పాకింది. గున్న కలచిన కాసిని నీళ్ళను మగ ఏనుగు ముందు ఆడదానికి తాగించి తరువాత తాను తాగుతుంది. మగ గువ్వ ఎండకు సొమ్మసిల్లిన జోడుకు రెక్కలతో విసురుతుంది. ఎక్కడా నీడ లేని చోట జింక తన నీడనే లేడికి ఇస్తుంది. నాకు తోచినంతవరకు ఈ మూడవది ప్రపంచ సాహిత్యంలోనే అరుదైన ఊహ. జింక అడ్డంగా నిలబడడం తప్ప వేరే ఏమీ చేయనక్కరలేదు గదా!

బల్లి మాట చెప్పకపోతే తెలుగువారికి తృప్తి ఉండదు. తమిళంలో పల్లి, మనకు బల్లి, ఒకే మాట. బల్లి పలికితే శకునం చూడడం రెండువేల సంవత్సరాల నాడే ఉన్నది. ప్రయాణికుడు బల్లి పలుకు విని ఆగుతాడు, ఇంటి దగ్గర నాయిక గోడమీది బల్లి పలుకు విని అతడు వస్తాడనుకుంటుంది. కుఱుందొగైలోని 16వ పద్యం, ఇదీ పెరుంగడుంగోదే, ఆ పలుకును మరొక విధంగా విన్నది. దారి కొట్టేవారు బాణం మొనను గోటితో మీటి పదును చూసుకుంటే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో, ఎర్రకాళ్ళ బల్లి తన జోడును పిలిచే చప్పుడు అలా ఉంటుందట. ప్రేమ పిలుపులోనే మృత్యువు చప్పుడు వినిపించింది. కవిత్వం తెలిసినవాడు తప్ప ఈ పోలిక తేలేడు. ఇప్పటికీ మన పెద్దవారు బల్లి పలికితే "సత్యం, సత్యం" అంటారు. అపార్ట్‌మెంటులో బల్లులు లేని మన అమెరికా పిల్లలకు ఇది ఎలా అర్థమవుతుందో మరి.

రేచుకుక్కలు మరొకటి. గుంపులుగా వేటాడే ఎర్రని అడవికుక్కలను తమిళులు శెన్నాయ్ అన్నారు. ఒక నాయకుడు ఎడారిలో నడుస్తూ, రేచుకుక్కలు గోకి తవ్వి తాగగా మిగిలిన కాసిని నీళ్ళను, ఆకులు కుళ్ళి వాసన వేసే నీళ్ళను చూస్తాడు. ఆమె కూడా నాతో వచ్చి ఈ నీళ్ళు తాగితే తెలిసేది, పాపం, అనుకుంటాడు. ఆమెను తీసుకురమ్మని అడిగిన చెలికత్తెకు అతడు చెప్పుకోగల సమాధానం ఆ నీటిగుంట.

ఈ నేలను దాటేది ఎవరు? ముఖ్యంగా ఇద్దరు. ఒకడు ధనం సంపాదించుకోవడానికి వెళ్ళే యువకుడు. సంపద లేనిదే బంధువులను ఆదరించలేము, దానం చేయలేము, గృహస్థు ధర్మం నడవదు అని అతని వాదన. చెలికత్తెలు ఎంతో తెలివిగా ఆ వాదనను విరగ్గొడతారు, అయినా అతడు వెళతాడు. పెద్దలకు చెప్పకుండా కలిసి వెళ్ళిపోయే జంట మరొకటి. కుఱుందొగై 7వ పద్యంలో దారిన పోయేవారు అటువంటి జంటను చూసి జాలిపడతారు. ఆ వెదురు అడవిలో గాలికి ఎండిన వాగై కాయలు గలగలమంటుంటే తాటిమీద ఆడే ఆర్యుల డప్పు మోగినట్టుంటుందట. వాగై అంటే మన దిరిశెన. ఇది దక్షిణ ఫ్లోరిడాలో కూడా పెరుగుతుంది. గాలి వీచిన రోజున అక్కడివారు ఆ చప్పుడు వినవచ్చు.

ఇంటి దగ్గర మిగిలిపోయేవారి గొంతులు ఈ పద్యాలలో ఎక్కువ. ముఖ్యంగా తల్లి. నిన్నటిదాకా బంగారు గిన్నెలో పాలు పోస్తే తాగనని మారాం చేసిన పిల్ల ఈ వేళ ఆ రాళ్ళదారిలో ఎలా నడుస్తున్నదో అని ఆమె విలపించే తీరు ఒక్కొక్క కవిది ఒక్కొక్కటి. మన తల్లిదండ్రులు 1960లలో, 1970లలో ఈ దేశానికి విమానం ఎక్కినప్పుడు మద్రాసు, బొంబాయి విమానాశ్రయాలలో నిలబడినవారు ఏమనుకున్నారో ఎవరూ వ్రాయలేదు. ఎయిరోగ్రాముల నీలి కాగితాలలో "ఇక్కడ అందరం క్షేమం" అన్నంతవరకే ఉన్నది. మూడవ తరం పిల్లలు తాతమ్మను అడగాలనుకుంటే ఆమె లేదు. అకం పద్యాలలో తల్లి పేరు లేకపోవడం వల్ల ఆ మాటలను ఏ తల్లికైనా ఇవ్వవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తొల్కాప్పియానికి పనంబారనార్ వ్రాసిన పీఠికలో తమిళం మాట్లాడే నేలకు ఎల్లలు చెప్పబడినవి: ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి. వేంగడం అంటే మన తిరుమల కొండ. ధనార్జనకు ఉత్తరంగా వెళ్ళే నాయకుడు ఈ కొండను దాటాలి. దాటితే ఏమిటి? ఆ కవుల మాటలలో అది "మొళి పెయర్ తేయం", అంటే భాష మారే దేశం. ఆ మారిన భాష మాట్లాడేవారిని వడుగర్ అన్నారు. వడ అంటే ఉత్తరం. వడుగు అంటే ఉత్తరాదివాడు. ఆ పేరు తరువాతి శతాబ్దాలలో తెలుగువానికే స్థిరపడింది.

ఈ దారిని ఎక్కువగా పాడినవాడు మామూలనార్. ఆయన పద్యాలలో పాటలీపుత్రపు నందుల నిధి ఉన్నది, మౌర్యుల దండయాత్ర ఉన్నది. ఒక పద్యంలో మౌర్యుల సేనకు ముందు నడిచినవారు వడుగులే. ఆయన 61వ అకనానూఱు పద్యంలో వేంగడానికి ఏలిక పుల్లి అనే నాయకుడు. అతడు కళ్వర్ అనేవారికి ప్రభువు. వారు ఏనుగు దంతాలు అమ్మి కల్లు కొనుక్కుని వేడుకలు చేసుకునేవారు. ఆ పద్యంలో చెలికత్తె అంటుంది: ఉత్సవాలతో వెలిగే వేంగడమే దక్కినా అతడు నిన్ను విడిచి అక్కడ నిలువడు. తిరుమలకు నిత్యోత్సవం, పక్షోత్సవం అని లెక్కపెట్టుకునే మనకు ఆ కొండ అప్పటికే ఉత్సవాలకు ప్రసిద్ధి అని వినడం సంతోషమే. అక్కడి దేవుణ్ణి శంఖచక్రాలతో వర్ణించినది తరువాతి శిలప్పదికారం. పాలైకి నిర్వచనం చెప్పిన ప్రకరణంలోనే ఆ వర్ణన కూడా ఉన్నది.

వేంకటం అన్న పేరుకు మన పురాణాలు పాపాలను కాల్చేది అని అర్థం చెప్పాయి. తమిళ పదాలుగా విడదీసి వెం అంటే వేడి, కడం అంటే కఠినమైన అడవిదారి అని చెప్పేవారూ ఉన్నారు. ఏది ఒప్పుకున్నా కాలడం మాత్రం తప్పలేదు!

వడుగులను ఆ కవులు మెచ్చుకోలేదు. గట్టిగా మాట్లాడేవారు, కోపిష్టి కుక్కలను వెంట పెట్టుకునేవారు, పోరుకు వెనుదీయనివారు అన్నారు. మన పక్షాన బాధపడేవారికి ఒక మాట. అదే కవిత్వంలో తమిళ నేలమీది మఱవర్, ఎయినర్ కూడా అలాగే ఉంటారు. పాలైలో ఎవరు ఎదురైనా భయంకరంగా ఉండడం ఆ నేల నియమం. కుఱుందొగై 11వ పద్యంలో, అది మామూలనార్‌దే, వడుగులు కుల్లై పూలదండలు తలలో తురుముకుని ఉంటారు. అతడు భాష మారిన దేశంలో ఉన్నా సరే, పద పోదాం, అని నాయిక తన మనసుతో చెప్పుకుంటుంది. మన పూర్వులను గురించి ఇంత పాతకాలంలో ఒక స్త్రీ నోట వచ్చిన మాటలు అరుదు. అందులో వారు పూలు పెట్టుకుని ఉన్నారు.

ఈ పాత మాట ఇటీవలి చరిత్రలోనూ పని చేసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఆ ముందూ వెనుకలలో, తమిళుల పక్షాన మా. పొ. శివజ్ఞానం ఉత్తర వేంగడమే తమ ఎల్ల అని ఉద్యమించారు. తొల్కాప్పియం పీఠిక ఒక రాజకీయ నినాదమైపోయింది. 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైన సరిహద్దు మార్పులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చాయి. తిరుపతి ఆంధ్రలోనే నిలిచింది. కవులు గీసిన గీత కొండ శిఖరం మీద ఉన్నది. అధికారులకు గ్రామాల పట్టికలు కావాలి. ఆ రెండూ ఎప్పుడూ కలియవు.

అటువైపు నుంచి చూసినప్పుడు మనది ఎడారికి అవతలి నేల. ఇటువైపు నుంచి ఏమి కనబడింది? శాతవాహన రాజు హాలుని పేర వెలసిన గాథాసప్తశతి ప్రాకృతంలో ఉన్నది గాని గోదావరి నీళ్ళు తాగిన పుస్తకం. అందులో అత్త, పొట్ట, పిల్ల వంటి మాటలున్నాయని చూపి, తిరుమల రామచంద్ర గారు ఒక గ్రంథమే వ్రాశారు. అందులోనూ బాటసారి వెళ్ళిపోతాడు, భార్య రోజులు లెక్కపెట్టుకుంటుంది, మబ్బు చూసి గుండె జారుతుంది. బర్కిలీలో తమిళ ఆచార్యులైన జార్జి హార్ట్ 1975లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండు కవిత్వాలనూ పక్కపక్కన పెట్టి, రెండింటికీ మూలం దక్కను పీఠభూమి ప్రజల పాటలలో ఉండి ఉండాలని వాదించారు. ఆ పాటలు ఏ భాషలో పాడారో ఎవరైనా ఊహించుకోవచ్చు. నేను తెలుగువాణ్ణి గనుక నా ఊహ ఎటు పోతుందో చెప్పనక్కరలేదు.

ఒకటి మాత్రం ఊహ కాదు. వేంగడానికి ఆవల భాష మారుతుందని తమిళ కవులు చెప్పిన కొన్ని శతాబ్దాలకు, సరిగ్గా ఆ దిక్కునే, కడప జిల్లా కలమళ్ళలో, రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలంలో, సుమారు 575 ప్రాంతంలో, తొలి తెలుగు శాసనం చెక్కబడింది. భాష మారే దేశం తన భాషలో మాట్లాడింది. ఆ జిల్లాలోనే పొలాల గట్ల మీద ఎన్నో వీరగల్లులు ఉన్నాయి. పాలై పద్యాలలో ప్రయాణికులు నెమలి ఈకలు కట్టిన నడుకల్లులను చూసి జంకుతారు. అవీ ఇవీ ఒక ఆచారానికి చెందినవే.

ఈ పద్యాలు అమెరికాకు వచ్చిన తీరు కూడా చెప్పుకోదగినది. మైసూరులో పుట్టిన ఎ. కె. రామానుజన్ 1962లో షికాగో విశ్వవిద్యాలయానికి వచ్చిన కొత్తలో, ఒక శనివారం, పాత తమిళ వ్యాకరణం కోసం హార్పర్ గ్రంథాలయం నేలమాళిగలోకి దిగారు. అక్కడ ఉ. వే. స్వామినాథ అయ్యర్ 1937లో ప్రచురించిన కుఱుందొగై చేతికి తగిలింది. ఇంటి భాషలో తమిళం ఉన్న మనిషికి ఇంటి కవిత్వం షికాగోలో దొరికింది. 1967లో ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదాలు వెలువడిన తరువాతనే పాలై అన్న మాట ప్రపంచానికి తెలిసింది. ఆయన 1993లో కన్నుమూశారు. మన వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్ గారితో కలిసి ఆయన చేసిన క్షేత్రయ్య పదాల అనువాదం 1994లో అచ్చయింది. భాష మారిన దేశపు కవికి కూడా ఆయన చివరకు ఊడిగం చేశారు.

పాలైలోని జంతువులు ఇప్పుడు ఏమయ్యాయి? రేచుకుక్కలు శేషాచలం, నల్లమల అడవులలో ఇంకా గుంపులుగా ఉన్నాయి. శవాల మీద వాలిన రాబందులు మాత్రం 1990లలో భారతదేశమంతటా కూలిపోయాయి. పశువులకు ఇచ్చే డైక్లోఫినాక్ మందు వాటి పాలిట విషమైనదని తెలిసి 2006లో పశువైద్యంలో దానిని నిషేధించారు. ఆ కవులు పేర్కొనని పక్షి ఒకటి, కలివికోడి, ముళ్ళపొదల నేలలో రాత్రిపూట తిరిగేది. 1900 తరువాత ఎవరికీ కనబడక, లేదనుకున్నది, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దొరికింది. దాని కోసం లంకమల అడవిని 1988లో అభయారణ్యం చేశారు.

ఇక ఏనుగు. చిత్తూరు సీమలో సుమారు రెండు వందల సంవత్సరాలు అడవి ఏనుగు లేదు. 1980ల తొలి సంవత్సరాలలో దక్షిణం నుంచి, హోసూరు అడవుల వైపు నుంచి, ఒక మంద మన నేలకు దాటి వచ్చింది. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు అవి శేషాచలం పాదాల వరకు తిరుగుతున్నాయి. వేసవిలో నీళ్ళు అడుగంటితే అవి చెట్ల బెరడు చీల్చుకు తింటాయి. పలమనేరు, కుప్పం రైతులు చెరుకు తోటల దగ్గర డప్పులు, టపాకాయలు పెట్టుకుని రాత్రిళ్ళు మేలుకుంటున్నారు.